వేలన్సీ: లెక్కగా పుట్టి మనసు దాకా వచ్చిన మాట

హైస్కూల్లో వేలన్సీల పట్టిక బట్టీ పట్టనివాళ్లు మనలో తక్కువ. సోడియానికి ఒకటి, కాల్షియానికి రెండు, అల్యూమినియానికి మూడు. ఆ అంకెలను అటూ ఇటూ మార్చి కింద రాస్తే ఫార్ములా తయారయ్యేది. అదే పిల్లవాడు పెద్దయ్యాక సైకాలజీ చదివితే అక్కడా ఈ మాటే ఎదురవుతుంది. భయానిది నెగటివ్ వేలెన్స్ అంటారు, సంతోషానిది పాజిటివ్ వేలెన్స్ అంటారు. పరమాణువుల లెక్కకూ మన భయానికీ ఏమిటి చుట్టరికం?

ఉంది కానీ చాలా దూరపు చుట్టరికం. ఒక జర్మన్ మాటకు ఇంగ్లీషులో సరిపడే మాట దొరక్క 1931లో ఒక అనువాదకుడు చేసుకున్న ఎంపిక అది. ఆ ఎంపిక ఈరోజు మానసిక సమస్యల మీద జరిగే పరిశోధనను వర్గీకరించే స్థాయికి చేరింది కాబట్టి, ఈ మాట ఎక్కడ బయల్దేరి ఎలా వచ్చిందో తెలుసుకోవడం అవసరం.

మొదట రసాయన శాస్త్రం సంగతి. 1849 జూలైలో జర్మనీలోని మార్‌బుర్గ్‌లో ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లండ్ అనే 24 ఏళ్ల ఇంగ్లీషు యువకుడు జింకునూ మిథైల్ అయొడైడ్‌నూ గాజు గొట్టంలో పెట్టి, మూతి కరిగించి మూసి, వేడి చేశాడు. లాంకషైర్‌లో మందుల కొట్టులో పని నేర్చుకుని పైకి వచ్చినవాడు అతను. గొట్టం తెరిచి, అడుగున మిగిలినదాని మీద కొన్ని నీటి చుక్కలు వేయగానే ఆకుపచ్చ, నీలం కలిసిన మంట కొన్ని అడుగుల పొడవున బయటికి దూకింది. గదంతా భరించలేని వాసన. ఆ ప్రయోగశాల పెద్ద రాబర్ట్ బున్‌సెన్ హడలిపోయాడు. ఆర్సెనిక్ సమ్మేళనాలతో పనిచేసి విషం బారిన పడిన మనిషి ఆయన. జింకులో ఆర్సెనిక్ కలిసి ఉంటుందనీ, ఫ్రాంక్‌లండ్ ఒంట్లోకి విషం ఎక్కేసి ఉంటుందనీ భయపడ్డాడు. మంట పింగాణీ మీద వదిలిన నల్లటి మరకను పరీక్షించాక గానీ అందరి టెన్షన్ తగ్గలేదు.

అలా లోహానికి కర్బన సమూహాలు అతుక్కున్న పదార్థాలు చేతికి వచ్చాయి. వాటిని పరీక్షిస్తూ పోతే ఫ్రాంక్‌లండ్‌కు ఒక క్రమం కనిపించింది. నత్రజని, భాస్వరం, ఆర్సెనిక్, ఆంటిమొనీ ఏ పదార్థంతో కలిసినా మూడింటితోనో అయిదింటితోనో కలుస్తున్నాయి. వచ్చి చేరేది హైడ్రోజనా, క్లోరినా, ఇథైల్ సమూహమా అన్నదాంతో పని లేదు. ఎన్ని చేరితే తృప్తి పడతాయో ఆ లెక్క మాత్రం మారడం లేదు. 1852లో లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ఈ సంగతి రాశాడు. వేలన్సీ భావనకు పుట్టుక అదే. అప్పటికి ఆ పేరు లేదు, ‘కలిసే శక్తి’ అన్నాడంతే.

1858లో ఆగస్ట్ కెకూలె, ఆర్చిబాల్డ్ కూపర్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే మాట చెప్పారు: కర్బనానికి నాలుగు చేతులు, ఆ చేతులతో అది తనను తానే పట్టుకుని గొలుసులు కట్టగలదు. కూపర్ పత్రాన్ని పారిస్‌లో సమర్పించడం ఆలస్యమైంది. ఈలోగా కెకూలెది అచ్చయింది. కొద్ది కాలానికే ఆ స్కాట్లండ్ యువకుడి మనసు దెబ్బతింది. 1892లో చనిపోయేదాకా మళ్లీ రసాయన శాస్త్రం జోలికి రాలేకపోయాడు. కర్బన రసాయనం మొత్తానికి పునాది వేసిన ఇద్దరిలో ఒకరి పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

పేరు మెల్లగా వచ్చింది. 1865లో హాఫ్‌మన్ ‘క్వాంటివేలెన్స్’ అన్నాడు. 1868లో వికెల్‌హౌస్ దాన్ని ‘వాలెంజ్’గా కుదించాడు. లాటిన్‌లో బలం, సత్తా అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మనం సంయోజకత అంటున్నది దీన్నే.

పేరు స్థిరపడే లోపే గొడవ మొదలైంది. ఒక మూలకానికి ఒకటే వేలన్సీ ఉండాలని కెకూలె పట్టు. భాస్వరం అయిదు క్లోరిన్లతో కలిసినప్పుడు, అది నిజమైన అణువు కాదనీ, మూడు క్లోరిన్ల పదార్థానికి ఇంకో క్లోరిన్ అణువు ఊరికే ఆనుకుని ఉందనీ వాదించాడు. 1893లో ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ కోబాల్ట్ లవణాలను చూపించాడు. కోబాల్ట్ వేలన్సీ మూడు, కానీ దాని చుట్టూ ఆరు అమ్మోనియా అణువులు గట్టిగా కూర్చున్నాయి. అందుకని ప్రాథమిక వేలన్సీ వేరు, ద్వితీయ వేలన్సీ వేరు అన్నాడు. 1904లో రిచర్డ్ అబెగ్ ప్రతి మూలకానికీ ఒక ధన, ఒక ఋణ వేలన్సీ ఉంటాయనీ, రెండూ కలిపితే ఎనిమిది అవుతుందనీ చెప్పాడు. 1916లో గిల్బర్ట్ లూయిస్ బంధమంటే పంచుకున్న ఎలక్ట్రాన్ల జత అన్నాడు. ఇక 1962లో నీల్ బార్ట్‌లెట్, వేలన్సీ సున్నా అని అందరూ నమ్మిన జడవాయువు జినాన్‌తోనే సమ్మేళనం చేసి చూపించాడు.

ఇక్కడ రసాయన శాస్త్రవేత్తలు చేసిన పని గమనించదగ్గది. ఒక్క మాట ఇన్ని బరువులు మోయలేదని తెలిశాక దాన్ని విడదీశారు. చుట్టూ ఎన్ని అణువులో అయాన్లో అతుక్కున్నాయో చెప్పడానికి సమన్వయ సంఖ్య. ఎలక్ట్రాన్లను పోగొట్టుకోవడం, తెచ్చుకోవడం చెప్పడానికి ఆక్సీకరణ స్థితి. ప్లస్, మైనస్ గుర్తులు దీనికి వెళ్లాయి. పంచుకున్న జతలకు సమయోజనీయత. వేలన్సీకి మిగిలింది చిన్న అర్థం: ఒక పరమాణువు గరిష్ఠంగా ఎన్ని ఏకసంయోజక (హైడ్రోజన్ లాగా వేలన్సీ ఒకటే ఉన్న) పరమాణువులతో కలవగలదు అన్నది. దానికి గుర్తు లేదు, ఉత్త అంకె.

(భాషాశాస్త్రం కూడా ఈ మాటను అరువు తెచ్చుకుంది. క్రియ కూడా పరమాణువు లాంటిదేననీ, దానికి కొన్ని కొక్కేలు ఉంటాయనీ ఫ్రెంచి పండితుడు లూసియెన్ తెనియేర్ అన్నాడు. ఆయన మరణానంతరం 1959లో ఆ పుస్తకం వచ్చింది. తెలుగులో ఇది చక్కగా కనిపిస్తుంది. ‘తిను’కు తినేవాడూ తినేదీ ఉంటే చాలు, ‘తినిపించు’ అనగానే మూడో మనిషి కావాలి.)

ఇక మనసు వైపు కథ. ఇది యుద్ధంలో మొదలవుతుంది. సైకాలజిస్టు కుర్ట్ లెవిన్ 1890లో అప్పటి ప్రష్యాలోని మొగిల్నోలో పుట్టిన యూదుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫిరంగి దళంలో పనిచేసి గాయపడ్డాడు. 1917లో ‘యుద్ధ భూదృశ్యం’ గురించి ఒక వ్యాసం రాశాడు. శాంతికాలంలో నేల అన్ని వైపులకూ ఒకేలా పరుచుకుని ఉంటుంది. అదే నేల మీద యుద్ధరంగం దగ్గరయ్యే కొద్దీ ముందు, వెనక అనే దిక్కులు పుడతాయి, ఒక చోట అంతమైపోయినట్టు కనిపిస్తుంది. గుంట ఇక గుంట కాదు, దాక్కునే చోటు. ఇంట్లో చెక్క సామాను సామాను కాదు, చలి కాచుకునే కట్టె. వస్తువు అదే, మనిషి అవసరం మారేసరికి అది మనిషితో మాట్లాడే తీరు మారింది.

1920లలో బెర్లిన్‌లో లెవిన్ ఈ గుణానికి ఒక పేరు పెట్టాడు: ఔఫ్‌ఫోర్డరుంగ్స్‌కరాక్టర్. నోరు తిరగడం కష్టమే గానీ భావం మనకు కొత్త కాదు. ‘కొత్తావకాయ జాడీ రా రమ్మని పిలుస్తోంది’ అంటామే, ఆ పిలుపు. కడుపు నిండినవాడిని అదే జాడీ పిలవదు. లెవిన్ చెప్పే ఉదాహరణ పోస్టు డబ్బా. జేబులో ఉత్తరం ఉన్నంతసేపు దారిలో డబ్బా మనల్ని లాగుతుంది. ఉత్తరం వేసేశాక రెండో డబ్బా ఎదురైనా కంటికి ఆనదు. ఏడాదిన్నర పాప హన్నా రాయి మీద కూర్చోవడానికి పడే తంటా ఆయన సినిమాగా తీశాడు. కూర్చోవాలంటే రాయికి వీపు తిప్పాలి, కానీ రాయి ఎంతగా లాగుతోందంటే దాని మీంచి చూపు తిప్పుకోలేక పాప చుట్టూ తిరుగుతుంది. 1929లో అమెరికాలోని యేల్‌లో జరిగిన సైకాలజీ మహాసభలో ఈ సినిమా చూపించాడు.

చిక్కు అనువాదంలో వచ్చింది. 1929లో జె.ఎఫ్. బ్రౌన్ ‘ఆహ్వాన గుణం’ అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషు చేశాడు. 1931లో డి.కె. ఆడమ్స్ ‘వేలెన్స్’ అన్నాడు. పొట్టిది, శాస్త్రీయంగా వినిపించేది కాబట్టి ఇదే నిలిచింది. 1933లో హిట్లర్ రాకతో లెవిన్ అమెరికా వెళ్లిపోయాడు. 1935లో ఆయన వ్యాసాలు ఇంగ్లీషు పుస్తకంగా వచ్చేసరికి అందులో ఉన్నది వేలెన్సే. ఆయన తల్లి మాత్రం నాజీల మారణహోమం నుంచి తప్పించుకోలేకపోయింది. ఆయన 1947లో చనిపోయాడు.

ఆ అనువాదంతో పిలుపు అనే రుచి పోయింది. లెవిన్ దగ్గర వేలెన్స్ బయటి వస్తువుకూ నా అవసరానికీ మధ్య ఉండేది. లాగితే ప్లస్, తోస్తే మైనస్. తరవాతి వాళ్లు దాన్ని కొంచెం కొంచెంగా లోపలికి జరిపారు. 1964లో విక్టర్ వ్రూమ్ ఉద్యోగంలో ప్రమోషన్ లాంటి ఫలితాల మీద మనకున్న మోజును వేలెన్స్ అన్నాడు. సుఖం నుంచి దుఃఖం దాకా ఒక గీత గీయవచ్చని విల్‌హెల్మ్ వుంట్ 1896లోనే చెప్పి ఉన్నాడు. 1980లో జేమ్స్ రస్సెల్ భావాలన్నిటినీ ఒక వలయంలో అమర్చాడు. అడ్డగీత హాయి, బాధ, నిలువుగీత ఉద్రేకం. అదే కాలంలో పీటర్ లాంగ్ ముఖం ముడుచుకున్న బొమ్మ నుంచి నవ్వే బొమ్మ దాకా చూపించి మార్కు పెట్టమనే పద్ధతి తెచ్చాడు. ఆ అడ్డగీతకు వేలెన్స్ అన్న పేరు అంటుకుపోయింది. ఇప్పుడు అది వస్తువు గుణం కాదు, అనుభూతి గుణం.

ఈ ఒక్క గీత చాలదని తేలుతూనే ఉంది. కోపాన్నే తీసుకోండి. అనుభవించేవాడికి అది చేదే, కానీ వెనక్కి లాగదు, ఎదుటివాడి మీదికి తోస్తుంది. మెదడు ముందు భాగంలో ఎడమవైపు చురుకుదనాన్ని అప్పట్లో పాజిటివ్ భావాలకు గుర్తుగా చూసేవారు. కోపిష్ఠి స్వభావం ఉన్నవాళ్లలో అదే కనిపించిందని 1998లో హార్మన్-జోన్స్, అలెన్ చూపించారు. అంటే ‘ఎలా ఉంది’ వేరు, ‘ఎటు లాగుతోంది’ వేరు. రెంటినీ ఒకే మాటతో పిలుస్తున్నారు.

ఇంకోటి. గీత మీద ఒకేసారి రెండు చివర్లా నిలబడలేం. కానీ అప్పగింతల వేళ పెళ్లికూతురి తల్లిని చూడండి. సంతోషమూ దుఃఖమూ కలిసి సగం సగం అయిపోవు, రెండూ నిండుగానే ఉంటాయి. 2001లో లార్సెన్, మెగ్రా, కాసియొప్పో పట్టా పుచ్చుకునే రోజున విద్యార్థులను అడిగితే మామూలు రోజుల కంటే ఎక్కువమంది రెండూ ఉన్నాయన్నారు.

అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ 2010 ప్రాంతంలో పరిశోధనకు కొత్త చట్రం తయారు చేసింది. అందులో భయం, ఆందోళన, నష్టం, ఆశించింది దక్కనప్పటి నిరాశ అన్నీ ‘నెగటివ్ వేలెన్స్ వ్యవస్థలు’. ప్రతిఫలానికి సంబంధించినవి ‘పాజిటివ్’. ఆశించింది దక్కనివాడు తరచూ చేసేది మీద పడటమే. అయినా అతని స్థితి, పారిపోయేవాడి భయంతో కలిపి ఒకే గదిలో ఉంది. ఎవరు ఏ సమస్యను ఏ శీర్షిక కింద పరిశోధించాలో ఈ గదుల పేర్లే నడిపిస్తున్నప్పుడు పేరు సంగతి చిన్న విషయం కాదు. రసాయన శాస్త్రం లాగే ఇక్కడా మాటను విడదీయాలని నా అభిప్రాయం.

తెలుగులో సైకాలజీ రాసేవాళ్లకు ఈ పని ఇంకా సులువు. సంయోజకత అన్న మాటను ఇక్కడికి లాక్కురావద్దు, అది కలిసే లెక్కకే తగిన మాట. లెవిన్ చెప్పినదానికి పిలుపు ఉంది. అనుభూతి గీతకు ఇంపు, వెగటు ఉన్నాయి. కోపంలో వెగటూ ఉంది, పిలుపూ ఉంది అని రాస్తే పదో తరగతి పిల్లకైనా అర్థమవుతుంది.