2 పవర్ ఎక్స్‌కి పవర్ రూల్ వాడకండి: లాగ్‌లు, ఎక్స్‌పొనెన్షియల్స్‌పై అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతుంటాను. డిఫరెన్షియేషన్ మొదలుపెట్టగానే ప్రతి బ్యాచ్‌లోనూ అదే తప్పు. బాగా చదివే పిల్లలూ చేస్తారు. ఎక్స్ క్యూబ్ డెరివేటివ్ (అంటే గ్రాఫ్ స్లోప్) 3 ఎక్స్ స్క్వేర్ అనే పవర్ రూల్ చేతికి అలవాటైపోయి, పవర్ కనిపిస్తే చాలు, కిందికి దించేస్తారు.

అపోహ: 2 పవర్ ఎక్స్ డెరివేటివ్, ఎక్స్ ఇంటూ 2 పవర్ (ఎక్స్ మైనస్ 1).

వాస్తవం: ముమ్మాటికీ కాదు. పవర్ రూల్ పనిచేయాలంటే బేస్‌లో ఎక్స్ ఉండాలి, పవర్ కాన్‌స్టంట్ అవ్వాలి. ఇక్కడ రెండూ తారుమారు.

నా మాట నమ్మక్కర్లేదు. ఆ తప్పు ఫార్ములాలో ఎక్స్ = మైనస్ 1 వేయండి. స్లోప్ మైనస్ పావు వస్తుంది, అంటే గ్రాఫ్ అక్కడ కిందికి దిగుతున్నట్టు. ఇప్పుడు 2 పవర్ ఎక్స్ విలువలు చూడండి: మైనస్ 2 దగ్గర 0.25, మైనస్ 1 దగ్గర 0.5, సున్నా దగ్గర 1. దిగడం ఎక్కడుంది?

అసలు స్లోప్ కావాలంటే కాలిక్యులేటర్ తీయండి. 2 పవర్ 0.001 అంటే 1.000693. అందులోంచి 1 తీసేసి 0.001తో భాగిస్తే 0.693. ఇదే సున్నా దగ్గర స్లోప్, ఇదే 2కి నేచురల్ లాగ్. మిగతా చోట్ల దీన్నే 2 పవర్ ఎక్స్‌తో గుణిస్తే సరి. 3తో ఇలాగే చేస్తే 1.099 వస్తుంది. 2కి ఒకటి కంటే తక్కువ, 3కి ఎక్కువ. సరిగ్గా 1 వచ్చే బేస్ ఈ రెంటి మధ్యే ఉండాలి కదా? అదే 2.71828, మనం ‘ఇ’ అనే సంఖ్య. ‘ఇ’కి ఏ పవర్ వేస్తే ఒక సంఖ్య వస్తుందో, అదే ఆ సంఖ్యకి నేచురల్ లాగ్. ‘ఇ’ పవర్ ఎక్స్ డెరివేటివ్ మళ్లీ అదే రావడానికి కారణం ఇంతే, మాయేమీ లేదు.

ఈ ఒక్క తప్పు ఇంటిగ్రేషన్‌లోకీ, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లోకీ పాకుతుంది. జేఈఈలో మైనస్ మార్కూ తెస్తుంది.

ఇంకో మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది: ‘లాగ్‌లు రానివాళ్లు ఎంపీసీకి పనికిరారు’ అని. గాజువాక నుంచి వచ్చే ఒకమ్మాయికి ఎవరో ఇదే చెప్పారట. ‘నా వల్ల కాదు సార్’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. వాళ్ల నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తారు. కాగిన ఇనుము మొదట్లో గబగబా, తర్వాత మెల్లగా చల్లారుతుందని ఆయన ఇంట్లో చెప్పేవారట. ‘అదేనమ్మా ఎక్స్‌పొనెన్షియల్, ఇంట్లో వేడినీళ్లతో చూడు’ అన్నాను. గ్లాసులో థర్మామీటర్ పెట్టి, ఐదేసి నిమిషాలకి రీడింగ్ రాసుకొచ్చింది. ఒక్కో రీడింగ్‌లోంచి గది ఉష్ణోగ్రత తీసేసి, మిగిలిన వాటికి లాగ్ తీసి గ్రాఫ్ కాగితం మీద పెట్టించాను. చుక్కలు దాదాపు సరళరేఖ మీద పడ్డాయి. కాగితం నా చేతికివ్వకుండా పక్కపిల్లలందరికీ చూపించి వచ్చింది.

‘ఇ’ పరీక్షల కోసం పుట్టించిన సంఖ్య అన్నది ఇంకో పుకారు. 1683లో జాకబ్ బెర్నూలీ చక్రవడ్డీ లెక్కలో దాన్ని చూశాడు. రూపాయికి ఏడాదికి నూరు శాతం వడ్డీ అనుకోండి. ఏడాదికోసారి కలిపితే 2 రూపాయలు, ఆర్నెల్లకోసారి 2.25, నెలనెలా 2.61. క్షణక్షణం కలిపినా 2.71828 దగ్గర ఆగిపోతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. లాగ్ (ఎ ప్లస్ బి), లాగ్ ఎ ప్లస్ లాగ్ బి కాదు, అది గుణకారానికే. నేచురల్ లాగ్ 5 ఎక్స్ డెరివేటివ్ 1 బై ఎక్స్ మాత్రమే, 5 కింద చేరదు. కాలిక్యులేటర్‌లో లాగ్ బటన్ బేస్ 10ది, కాలిక్యులస్ పుస్తకాల్లో లాగ్ అంటే చాలాసార్లు నేచురల్. లాగ్ సున్నా అంటే సున్నా కాదు, అసలు నిర్వచనమే లేదు.

‘మరి ఎక్స్ పవర్ ఎక్స్ సంగతేంటి సార్, ఏ రూల్?’ అని అడుగుతారు. రెండు వైపులా నేచురల్ లాగ్ తీసి డిఫరెన్షియేట్ చేయండి. ఎక్స్ పవర్ ఎక్స్ ఇంటూ (1 ప్లస్ నేచురల్ లాగ్ ఎక్స్) వస్తుంది. ఒట్టి పవర్ రూల్ వేస్తే వచ్చేది ఒక ముక్క, ఒట్టి ఎక్స్‌పొనెన్షియల్ రూల్ వేస్తే వచ్చేది ఇంకో ముక్క. ఒక్కొక్కటీ తప్పే, కలిపితే సరైన జవాబు. దాన్ని సున్నాకి సమానం చేసి చూడండి, గ్రాఫ్ అట్టడుగు ఎక్స్ = 0.3679 దగ్గర దొరుకుతుంది. అది 1 బై ‘ఇ’.