చేపల మేతలో నాచు: నూనె దారి వేరు, మాంసకృత్తుల దారి వేరు

రొయ్యల మేత ధర తగ్గించాలన్న డిమాండు కోస్తా జిల్లాల్లో లేచినప్పుడల్లా, చేపపొడికీ సోయా చెక్కకూ బదులు సూక్ష్మ నాచు వాడవచ్చు కదా అన్న మాటా దాని వెంటే వస్తుంది. ఇందుకు ఉదాహరణగా చూపేది నార్వే సాల్మన్ చేపలను. అక్కడి మేతలో నాచు చేరిన మాట నిజమే కానీ, అది చేరింది మాంసకృత్తుగా కాదు, నూనెగా. ఈ తేడాను పక్కనపెట్టి జరుగుతున్న వాదన ఎంత సాగినా తెగదు.

నాచులో ఉండే నూనె నుంచి ఇంధనం తీయాలని ఒకప్పుడు ప్రయోగాలు జరిగాయి. మలుపు వచ్చింది 2017లో. ఇంధనమే లక్ష్యంగా 2003లో కాలిఫోర్నియాలో మొదలై, ఒక దశలో అమెరికా నౌకాదళానికి నాచు ఇంధనం సరఫరా చేసిన సొలజైమ్ కంపెనీ, చమురు ధర పడిపోయాక 2016లో టెర్రావియాగా పేరు మార్చుకుని ఆహార పదార్థాల వైపు మళ్లింది. మరుసటి ఏడాది ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది. దాని వ్యాపారాన్ని నెదర్లాండ్స్‌కు చెందిన కోర్బియన్ కొనుక్కుంది. దాంతోపాటు దక్కినది బ్రెజిల్‌లో ఒక చక్కెర మిల్లు పక్కనే, చెరకు చక్కెర పోసి మూత వేసిన ఉక్కు ట్యాంకుల్లో నాచును పెంచే సాంకేతికత. సాల్మన్‌కు కావలసిన ఒమేగా-3 నూనె అందులోంచే వస్తుంది. 2019లో డీఎస్ఎం, ఎవోనిక్ కంపెనీలు కలిసి నెబ్రాస్కాలోని బ్లెయిర్‌లో 20 కోట్ల డాలర్లతో పెట్టిన వెరామారిస్ ఫ్యాక్టరీదీ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ మొక్కజొన్న నుంచి తీసిన చక్కెర వాడతారు. ఎండతో పెరిగే పచ్చని పంటగా ప్రచారమయ్యే నాచు, మేత వ్యాపారంలో నిలదొక్కుకున్న చోట ఎండ మొహమే చూడలేదన్నమాట.

నూనె ఎందుకు నిలబడిందో మేత తయారీదారులు చెప్పే లెక్క తోసిపుచ్చలేనిది. ఒమేగా-3కి సముద్రపు చేపనూనె తప్ప పెద్ద వనరు లేదు కనుక ఖరీదైనా కొనేవారున్నారు. మాంసకృత్తులకు ఆ కొరత లేదు. నార్వే సాల్మన్ మేతలో 1990లో 65 శాతం ఉన్న చేపపొడి 2013 నాటికి 18 శాతానికి దిగింది. ఆ ఖాళీని ముఖ్యంగా సోయా వంటి మొక్కల మాంసకృత్తులు నింపాయి. కాబట్టి నాచు పోటీ పడవలసింది చేపపొడికి ముడిసరుకైన పెరూ ఆంకోవీ అనే చిన్న చేపతో కాదు, సోయాతో. 2023లో ఎల్ నినో వల్ల పెరూ ఉత్తర-మధ్య తీరంలో మొదటి వేట సీజన్ రద్దయినప్పుడు నాచు పేరు మళ్లీ మారుమోగింది. మన రైతుకు అంతకన్నా గట్టి దెబ్బ 2021లోనే, సోయా చెక్క ధర రూపంలో తగిలింది. కేంద్రం ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతివ్వవలసి వచ్చింది.

ఎండలో, బయటి చెరువుల్లో నాచు పెంచితే లీటరు నీటికి దక్కేది ఎండు బరువులో ఒక గ్రాము లోపే. మిగతాదంతా నీరే, దాన్ని వేరు చేయడానికీ, మిగిలిన ముద్దను ఆరబెట్టడానికీ అయ్యే కరెంటు ఖర్చు దగ్గరే అంచనాలు తలకిందులవుతాయి. నాచును సమర్థించేవారు 2020లో తిలాపియా చేపపై వచ్చిన అమెరికా అధ్యయనాన్ని చూపుతారు. నూనె తీసేసిన నానోక్లోరోప్సిస్ పిప్పితో, షైజోకైట్రియం అనే మరో నాచును కలిపి, చేపపొడీ చేపనూనే లేకుండా చేపలను పెంచవచ్చని అది చూపింది. అయితే పిప్పి ఎంత దొరుకుతుందన్నది నూనె ఎంత అమ్ముడుపోతుందన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది.

నాచు మనకు కొత్తేమీ కాదు. 2009లో వనామీ రకం రొయ్యల పెంపకానికి అనుమతి వచ్చాక తీరం పొడవునా వెలసిన హేచరీల్లో, జోయియా అనే లార్వా దశలోని రొయ్య పిల్లలకు కీటోసెరోస్, థలాసియోసైరా లాంటి నాచులే ఆహారం. గోధుమరంగు తిరిగిన ఆ నీళ్లను ట్యాంకు నుంచి ట్యాంకుకు అలాగే వదులుతారు. వడకట్టడం, ఎండబెట్టడం ఉండదు కనుక అక్కడ గిట్టుబాటవుతుంది. చెరువులోకి వెళ్లిన రొయ్యకు బస్తా మేత వేయాలి. ఆ బస్తా మీద ముద్రించే ముడి మాంసకృత్తుల శాతాన్ని నత్రజని పరీక్షతో లెక్కగడతారు; క్లోరెల్లా వంటి నాచులో దళసరి కణకవచం వెనుక చిక్కుకుని జీర్ణం కానిది కూడా ఆ అంకెలో చేరిపోతుంది. నాచు మేత కావాలని అడుగుతున్న రైతు సంఘాలు ధరతోపాటు జీర్ణమయ్యే శాతాన్నీ బస్తా మీద రాయించాలని పట్టుబట్టడం మంచిది.