పొమ్మనలేక పొగబెట్టే విద్య: అమెరికా ఉద్యోగుల రాజీనామా గొడవ ఎక్కడ మొదలైంది?

అమెరికా ఫెడరల్ ఉద్యోగులను ఇళ్లకు పంపే వ్యవహారం రచ్చకెక్కిన ప్రతిసారీ కథను 1883 నాటి పెండిల్టన్ చట్టం దగ్గర మొదలుపెడతారు. సిఫారసులను బట్టి కాక ప్రతిభను బట్టి ఉద్యోగాలివ్వాలన్న చట్టం అది. తమంతట తామే రాజీనామా చేయమంటూ 2025 జనవరి 28న ఉద్యోగులకు వచ్చిన ఈమెయిల్ అర్థం కావాలంటే అధ్యక్షుడు నిక్సన్ కాలందాకా వెళ్తే చాలు.

1970ల మొదట్లో వైట్‌హౌస్‌లో నియామకాల వ్యవహారాలు చూసిన ఫ్రెడ్ మాలెక్ కార్యాలయం ఒక మాన్యువల్ తయారుచేసింది. చట్టప్రకారం తొలగించడం కుదరని ఉద్యోగి తనంతట తానే వెళ్లిపోయేలా చేయడమెలాగో అందులో అంచెలంచెలుగా రాసిపెట్టారు. మొదటిది ముఖాముఖి దాడి. ఉద్యోగిని గదిలోకి పిలిచి, మీతో ఇక పనిలేదని చెప్పాలి. ఇప్పుడే వెళ్తే మంచి సిఫారసు ఇస్తామని, మొండికేస్తే సర్వీసు ఫైలు ఇలాగే ఉండదని అర్థమయ్యేలా చూడాలి. రెండోది బదిలీ. ఒకచోట కుటుంబంతో కుదురుకున్నవాణ్ని, అతనికి ఇష్టంలేని ప్రాంతానికి ప్రమోషన్ ఇచ్చి మరీ పంపాలి. శంకరగిరి మాన్యాలు పట్టిస్తూనే పదోన్నతి ఇచ్చారు కాబట్టి, ఇది శిక్ష అని ఫిర్యాదు చేయడం కష్టం. మూడోది ‘ట్రావెలింగ్ సేల్స్‌మన్’ పద్ధతి: ప్రయాణాలంటే పడనివాడికి, ఇంట్లో పిల్లలున్నవాడికి చిన్న ఊళ్లన్నీ తిరగాల్సిన ప్రత్యేక పని అప్పగించడం. ఇంకొకటి, కుర్చీ అలాగే ఉంచి, పైన నమ్మకస్తులను కూర్చోబెట్టి పని లాగేసుకోవడం.

నిక్సన్ పదవికి ఎసరు పెట్టిన వాటర్‌గేట్ కుంభకోణం విచారణల్లో ఈ మాన్యువల్ బయటపడింది. 1978లో అధ్యక్షుడు కార్టర్ తెచ్చిన సివిల్ సర్వీస్ సంస్కరణ చట్టం ఈ కుట్రలను దృష్టిలో పెట్టుకున్నదే. రాజకీయ వేధింపులను అది నిషేధించింది. తొలగింపు మీద అప్పీళ్లు వినడానికి మెరిట్ సిస్టమ్స్ ప్రొటెక్షన్ బోర్డు ఏర్పడింది. అయితే ఒక తలుపు మాత్రం తెరిచే ఉండిపోయింది. ఇప్పటి గొడవంతా ఆ తలుపు దగ్గరే. చట్టం కాపాడేది తొలగించబడిన ఉద్యోగిని. రాజీనామా చేసినవాణ్ని కాదు.

లెక్క చూడండి. పోస్టులు తగ్గించాలంటే ఉద్యోగం శాశ్వతమా కాదా, మాజీ సైనికుడా, సర్వీసు ఎంత, పనితీరు ఎలా ఉంది అన్న నాలుగింటినీ బట్టి ర్యాంకులు వేయాలి. మామూలుగా 60 రోజుల నోటీసు ఇవ్వాలి. వెంటనే పెన్షన్‌కు అర్హత లేనివారికి పరిహారం ఉంటుంది: మొదటి పదేళ్లకు ఏడాదికి వారం చొప్పున, ఆపైన ఏడాదికి రెండు వారాల చొప్పున మూలవేతనం. అంటే 20 ఏళ్లకు 30 వారాలు. నలభై దాటితే వయసును బట్టి మరికొంత, మొత్తమ్మీద 52 వారాలకు మించదు. 30 రోజుల్లో బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. రాజీనామా రాసిస్తే ఇవన్నీ పోతాయి. ఒత్తిడితోనే రాశానంటే, దాన్ని రుజువు చేసే భారం ఉద్యోగిదే.

ట్రంప్ తొలి హయాంలో బదిలీ పద్ధతి మళ్లీ బయటికొచ్చింది. 2019లో ప్రకటించి, ప్రభుత్వ భూముల శాఖలో 328 వాషింగ్టన్ పోస్టులను పడమటి రాష్ట్రాలకు తరలిస్తే, వెళ్లింది 41 మంది. మిగతా 287 మంది రిటైరయ్యారు, లేదా వేరే ఉద్యోగాలు చూసుకున్నారు.

2025 ఈమెయిల్‌లో ముసుగు కూడా లేదు. ‘రిజైన్’ అని ఒక్క మాట టైప్ చేసి పంపితే సెప్టెంబర్ 30 దాకా జీతం. సర్వీసు తక్కువున్న కుర్రవాడికి ఇది పరిహారం కన్నా లాభమే, కాదనలేం. చిక్కు ఎక్కడంటే, అప్పటికి ఖజానా నుంచి ఖర్చులకు అమెరికా చట్టసభ కాంగ్రెస్ అనుమతి ఉన్నది మార్చి 14 దాకానే. పైగా నమూనా ఒప్పందంలో కోర్టుకెళ్లే హక్కు వదులుకోవాలన్న షరతు ఉంది. చాలామంది ఆ మెయిల్‌ను సైబర్ మోసం అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు. సంతకాలు పెట్టొద్దని యూనియన్లు చెప్పాయి. నియామకం, ప్రమోషన్ లాంటివి నమోదయ్యే ఎస్ఎఫ్-50 ఉత్తర్వులు, పనితీరు నివేదికలు ముందే కాపీ చేసుకోవడం ఇలాంటప్పుడు అన్నిటికన్నా ముఖ్యం. సర్వీసు తేదీ ఒక్కటి తప్పుపడితే ర్యాంకే మారిపోతుంది, ఉద్యోగం ఊడాక ఆ ఫైలు తెరుచుకోదు. ఫిబ్రవరి 12న గడువు ముగిసేసరికి ఒప్పుకున్నవారు సుమారు 75 వేలు. దాదాపు 23 లక్షల సివిల్ ఉద్యోగుల్లో 3 శాతం.

పనిచేయనివాణ్ని తొలగించడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతోందని ప్రభుత్వం వైపు వాదన. అది అబద్ధం కాదు, కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే ఆడిట్ సంస్థ కూడా 2015లో ఆ మాటే చెప్పింది. అయితే ఈ మెయిల్ పనిచేసేవాడికీ, చేయనివాడికీ ఒకేలా వెళ్లింది.

అప్పీలు విందామంటే బోర్డు ఉండాలిగా. 2017 నుంచి 2022 దాకా కోరం, అంటే తీర్పులకు కావాల్సినంతమంది సభ్యులు లేక వేల కేసులు పేరుకుపోయాయి. ట్రంప్ ఒక సభ్యురాలిని తొలగించడంతో 2025 వసంతంలోనూ అదే పరిస్థితి వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే, విధానాలతో సంబంధమున్న పోస్టులను విడిగా పెట్టి తొలగింపు తేలిక చేసే ‘షెడ్యూల్ పాలసీ/కెరీర్’ నిబంధన ప్రతిపాదించారు. సుమారు 50 వేల పోస్టులు దాని కిందికి రావొచ్చని అప్పటి అంచనా. అందులో చేరినవారికి బోర్డుకు అప్పీలు ఉండదు, కాబట్టి వాళ్లను రాజీనామా అడగాల్సిన పనే ఉండదు. దీనికి ఆధారమైన ట్రంప్ ఉత్తర్వు మీద ఫెడరల్ ఉద్యోగుల యూనియన్ ఎన్‌టీఈయూ 2025 జనవరిలోనే దావా వేసింది.