గూళ్ల నెలల్లో పండుగ: నేలపట్టు వాదన వెనుక పాతికేళ్ల కథ

ఈశాన్య రుతుపవనాల వానలకు సూళ్లూరుపేట చుట్టుపక్కల చెరువులు నిండాయన్న కబురు రాగానే ఆ పాత వాదన మళ్లీ మొదలవుతుంది. పక్షుల పండుగ ఎన్ని రోజులు జరపాలి? నేలపట్టు పక్షుల అభయారణ్యం గేటులోంచి ఒక్కసారి ఎంతమందిని వదలాలి? పులికాట్ సరస్సు మీద పడవలు పక్షులకు ఎంత దగ్గరగా వెళ్లవచ్చు? పర్యాటకం మీద బతికే తిరుపతి లాడ్జీలవాళ్లు, కార్లు నడిపేవాళ్లు, భీమునివారిపాలెం పడవలవాళ్లు ఒక పక్క. పక్షుల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు, చెరువు కింద పొలాలున్న రైతులు ఇంకో పక్క. ఇద్దరికీ జవాబు చెప్పుకోవలసిన అటవీ శాఖ మధ్యలో.

ఫ్లెమింగోలకు ఆ గులాబీ రంగు ఎందుకు వస్తుందో, పులికాట్ ఏయే మండలాల్లో పరచుకుని ఉందో మన బడిపిల్లలే చెబుతారు. అంతరిక్ష కేంద్రం కోసం సరస్సు మధ్యగా వేసిన శ్రీహరికోట రోడ్డు నీటి రాకపోకలను ఏం చేసిందన్నది పెద్ద కథ, దానికి వేరే చోటు కావాలి. నేలపట్టును, పులికాట్‌ను 1976లో పక్షుల అభయారణ్యాలుగా ప్రకటించిన సంగతీ తెలిసిందే. నా లెక్కలో ఈ ముడి పడింది 2001లో. ఆ ఏడాది మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్‌కు జనవరిని ఎంచుకోవడం, దాన్ని మూడు రోజుల తిరునాళ్లుగా తీర్చిదిద్దడం. ఇవాళ మనం వింటున్న తగాదాలన్నీ ఆ రెండు నిర్ణయాల్లోంచే పుట్టాయి.

2001లోకి వెళ్లేముందు రెట్ట గురించి చెప్పాలి.

నేలపట్టు చెరువులో మొదళ్లు నీట మునిగినా చెక్కుచెదరని కడప చెట్లు ఉంటాయి. గూడబాతులు (పెలికాన్లు) వాటి మీదే పక్కపక్కన గూళ్లు కడతాయి. తోడుగా నీటికాకులు, తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు చేరతాయి. వాటి రెట్ట నెలల తరబడి చెరువులో పడుతూనే ఉంటుంది. నత్రజని, భాస్వరం కలిసిన ఆ నీళ్లే తూము దాటి కింది మళ్లకు పారతాయి. ఈ నీళ్లు పారిన మడికి ఎరువు ఖర్చు తగ్గుతుందని రైతులు చేతి అనుభవంతో తెలుసుకున్నారు. పొరుగున తమిళనాడులో, చెంగల్పట్టు జిల్లా వేడంతాంగల్‌లోనూ ఇదే కథ. అక్కడి ఊరివాళ్లు తమ చెరువులో పక్షులను ఎవరూ వేటాడకూడదని 18వ శతాబ్దం చివర్లోనే కలెక్టరు దగ్గర కౌలు, అంటే హామీ పత్రం, రాయించుకున్నారు. 1858లో దాన్ని మళ్లీ ఖాయం చేయించుకున్నారు. అంటే అభయారణ్యం అన్న మాట చట్టంలోకి రాకముందే పక్షిని కాచిన ఊళ్లు ఈ ప్రాంతంలో ఉన్నాయి. అది జాలితో చేసిన పని మాత్రమే కాదు. పక్షి ఉన్నన్నాళ్లూ ఊరికి మేలు జరుగుతుంది, గూళ్లు చెదిరితే ఆ మేలు పోతుంది. ఆ లెక్క సూటిగా ఉండేది, ఎవరూ ఎవరికీ నచ్చజెప్పవలసిన అవసరం రాలేదు.

2001లో పండుగ మొదలుపెట్టినవారి ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. అప్పటికి ఇది నెల్లూరు జిల్లా. ఇంత అందం మన పక్కనే ఉన్నా పిల్లలకు చూపించడం లేదన్న బాధ అందులో ఉంది. బస్సుల్లో బడిపిల్లలు వచ్చారు. గూడబాతుకూ కొంగకూ తేడా తెలుసుకున్నారు. చిరువ్యాపారులకు నాలుగు డబ్బులు కళ్లపడ్డాయి. పండుగ ఊపులో రోడ్లు బాగుపడ్డాయని, హోటళ్లు నిండాయని పర్యాటక రంగంవాళ్లు చెప్పేది నిజమే.

చిక్కంతా క్యాలెండరులో ఉంది. నేలపట్టులో గూడబాతులు అక్టోబరు, నవంబరు నెలల్లో గూళ్లు కట్టడం మొదలుపెట్టి మార్చి దాకా ఉంటాయి. గుడ్లు పొదగడానికి నెల రోజులు పడుతుంది. పొదిగిన పిల్ల గూడు వదలడానికి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. కాబట్టి జనవరిలో చాలా గూళ్లలో ఎగరలేని పిల్లలుంటాయి. పైగా పండుగకు పేరిచ్చిన ఫ్లెమింగో ఇక్కడ గూడు కట్టదు. మేత కోసం పులికాట్‌కు వచ్చి, గుజరాత్‌లోని కచ్ రణ్ వంటి ఉప్పునేలల్లో పిల్లల్ని కంటుంది. దాన్ని బెదరగొడితే సరస్సులో ఇంకో వైపుకు వెళ్లిపోగలదు. గూటిలో పిల్ల ఉన్న గూడబాతు ఎక్కడికి వెళుతుంది? ఫ్లెమింగో పేరు విని బయలుదేరిన జనం ముందుగా దిగేది మాత్రం ఈ గూళ్ల దగ్గరే.

కొన్నేళ్ల కిందట చుట్టాలను తీసుకుని తిరుపతి నుంచి నేనూ అలాగే వెళ్లాను. ఒక ట్రావెల్స్‌వారి ఒకరోజు ప్యాకేజీ. తెల్లవారుజామున దర్శనం, తర్వాత శ్రీకాళహస్తి, అక్కడి నుంచి నేలపట్టు, సాయంత్రానికి పులికాట్. మేం చేరేసరికి నడిమధ్యాహ్నం దాటింది. పక్షులు చూడాలంటే పొద్దున గానీ, పొద్దువాలాక గానీ వెళ్లాలని బైనాక్యులర్ పట్టిన ఎవరైనా చెబుతారు. ఆ ఎండలో పెద్ద పక్షులు గూళ్ల మీద రెక్కలు కొంచెం విప్పి కదలకుండా నిలబడి ఉన్నాయి. టవర్ మీద ఉన్న బృందానికి అది విసుగనిపించింది. ఇంత దూరం వచ్చి కదలని పక్షుల్ని చూడటానికా అని ఒకరు గట్టిగా చప్పట్లు కొట్టారు. ఇంకొకరు ఈల వేశారు. డ్రైవరు కిందినుంచి హారన్ మోగించాడు. దగ్గరి చెట్టు మీది గూడబాతులు నాలుగైదు ఒక్కసారి లేచాయి. ఫోన్లన్నీ ఆకాశం వైపు తిరిగాయి.

నేను గూటి వైపు చూశాను. ఈకలు సరిగా రాని రెండు పిల్లలు మెడలు వేలాడేసి, గొంతు సంచులను వణికిస్తూ ఒగరుస్తున్నాయి. పెద్దపక్షి అంతసేపూ కదలకుండా నిలబడింది వాటికి నీడ పట్టడానికే. నీడ పోయిన మరుక్షణమే వాటి ఒంటిమీద ఎండ పడింది. పక్క కొమ్మ మీద కాకి ఒక అడుగు ముందుకు జరిగింది. తల్లి చుట్టూ తిరిగి మళ్లీ వాలడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూడలేదు గానీ నాకది చాలాసేపనిపించింది. అది వాలగానే ఒక పిల్ల దాని గొంతు సంచిలోకి తలంతా దూర్చేసింది. అప్పటికి మా బృందం మెట్లు దిగుతోంది.

ప్యాకేజీ రూపొందించినవారికి పక్షి మీద పగ లేదు. దర్శనం వేళను బట్టి రోజును అమర్చారు, మిగిలిన చోట పక్షిని ఇరికించారు. ఫలితంగా పక్షికి అన్నింటికన్నా ప్రమాదమైన గంటలో, అన్నింటికన్నా తక్కువ కనిపించే గంటలో, అన్నింటికన్నా ఎక్కువ మంది అక్కడ చేరారు. తిరుపతిలో కూర్చుని ప్యాకేజీలు అమ్మేవారు మార్చవలసినది ముందు ఇదే. శ్రీకాళహస్తిని మధ్యాహ్నానికి, నేలపట్టును పొద్దువాలే వేళకు మార్చడానికి పైసా ఖర్చు లేదు.

పడవల మాట వేరు. అక్కడ ఖర్చుంది. మేత మేసే ఫ్లెమింగోలు తలలు నీళ్లలో పెట్టి, ముక్కు తిరగేసి బురద వడగడుతూ వరుసగా నడుస్తాయి. ఇంజిను చప్పుడు ఒక దూరం దాటి లోపలికి రాగానే తలలన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. ఆ తర్వాత నడక, ఆ తర్వాత పరుగు, చివరికి ఎగరడం. తెలిసిన పడవవాడు తలలు లేవగానే ఇంజిను ఆపేస్తాడు. చాలా మంది ప్రయాణికులకు కావలసింది మాత్రం ఎగిరినప్పుడు కనిపించే ఆ ఎర్రని రెక్కలు. దగ్గరికి పోనివ్వమంటారు. పోనివ్వనివాడిని వదిలి పక్క పడవ ఎక్కుతారు. పండుగ మూడు రోజుల్లోనే చలికాలపు సంపాదన అంతా తెచ్చుకోవాలనుకునే మనిషి ఆ సమయంలో ఏం చేస్తాడు? అతన్ని తిట్టి లాభం లేదు. అతని రాబడిని మూడు రోజుల్లోకి కుదించింది పండుగే. నియమం పాటించినవాడు నష్టపోయి, పాటించనివాడు లాభపడే ఏర్పాటు అది.

దీనికి విరుగుడు ఎక్కడో వెతకక్కరలేదు, ఇదే తిరుపతి జిల్లాలో ఇంకో కొసన ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచి ఉమ్మడి అటవీ యాజమాన్యం కింద ఊరివాళ్లతో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2002లో ప్రపంచ బ్యాంకు సాయంతో సాముదాయిక అటవీ యాజమాన్య పథకం వచ్చాక కొన్నిచోట్ల వాటికే పర్యాటకాన్ని అప్పగించారు. తలకోనలో నెరబైలు ఊరివాళ్లు ఆ పనిలోకి వచ్చింది అలాగే. గదులు చూసుకోవడం, వంట, చెట్ల మీదుగా కట్టిన తాళ్ల వంతెన దగ్గర కాపలా, దారి చూపడం వంటి పనులు ఊరివాళ్ల చేతికి వచ్చాయి. ఒక్క పండుగ లేకుండానే ఏడాది పొడవునా పని. తలకోన మచ్చలేనిదని అనను. సెలవు రోజుల్లో సీసాలు, ప్లాస్టిక్ సంచులు గుట్టలు పడతాయి. 2023లో చెన్నై నుంచి వచ్చిన విద్యార్థి ఒకరు మడుగులోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నారు. అయినా అడవి పాడైతే ముందు తన కూలి పోతుందని తెలిసిన మనిషి అక్కడ ఉన్నాడు. రెట్ట నీళ్లు పారిన రోజుల్లో నేలపట్టు రైతు ఉన్న స్థానమే అది. 2001 పండుగ ఆ స్థానాన్ని ఎవరికీ ఇవ్వలేదు. వేదిక సూళ్లూరుపేటలో, గదుల బాడుగ తిరుపతిలో, చెన్నైలో. గూళ్ల పక్కనే ఉన్న ఊరికి దక్కింది దుమ్ము, ట్రాఫిక్, మూడు రోజుల అంగళ్లు.

2020 జనవరి తర్వాత కోవిడ్‌తో పండుగ ఆగింది. కోవిడ్ తగ్గాక కూడా చాలాకాలం జరగలేదు. ఈ విరామంలోనే మూడు మార్పులు వచ్చాయి. 2021లో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ, వన్యప్రాణి ప్రాంతాల్లో పర్యాటకానికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక చోటు ఎంతమందిని మోయగలదో లెక్కగట్టి ఆ మేరకే అనుమతించాలని, రాబడిలో స్థానికులకు వాటా ఉండాలని అందులో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆ తర్వాతే తిరుమల యాత్రికుడికి దీన్ని జోడించి అమ్మవచ్చన్న ఆలోచన ఊపందుకుంది. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ, అడవి నిర్వహణ ప్రణాళికలో చేర్చిన పర్యావరణ పర్యాటక సదుపాయాలకు మినహాయింపు ఇచ్చింది. దాంతో గదులు కట్టాలనుకునేవారికి దారి ఇంకొంచెం సులువైంది. 2025 జనవరి 18 నుంచి 20 దాకా పండుగ తిరిగి జరిగినప్పుడు ఇవన్నీ తోడుగా వచ్చాయి. నెల మారలేదు, రోజుల లెక్క కూడా మూడే.

ఇప్పుడు వినిపిస్తున్న కోరికల్లో నాకు న్యాయమనిపించేవి రెండు. పండుగ పేరుతో జరిగే జనసమ్మర్దాన్ని సూళ్లూరుపేట మైదానం దాటనివ్వకుండా, నేలపట్టులోకి అక్టోబరు నుంచి మార్చి దాకా రోజూ చిన్న చిన్న బృందాలను ఊరి గైడుతోనే పంపడం మొదటిది. నిర్ణీత దూరంలో ఇంజిను ఆపే నియమాన్ని అన్ని పడవలకూ ఒకేలా అమలు చేసి, సవారీ డబ్బును అందరూ పంచుకోవడం రెండోది. అలా చేస్తే వచ్చేవారి సంఖ్య పడిపోతుందని లాడ్జీలవారి భయం. మూడు రోజుల్లో పడిపోతుంది, నిజమే. ఆరు నెలల లెక్క వారు ఇంకా వేసి చూడలేదు. వానలు లేని ఏడాది చెరువు ఎండి గూళ్లే కట్టని సందర్భాలూ ఉంటాయి. అలాంటి చలికాలానికి కూడా తట్టుకునే వ్యాపారం కావాలంటే ముందుగానే పర్యాటకుడికి ఆ మాట చెప్పి, ఉబ్బలమడుగు అడవి నడకో, తలకోనో చూపించగలగాలి.

నేనా ప్యాకేజీలో వెళ్లిన మరుసటి ఏడు ఫిబ్రవరి చివర్లో ఒంటరిగా మళ్లీ వెళ్లాను. పండుగ అయిపోయి నెల దాటింది. టవర్ మీద నేను తప్ప ఎవరూ లేరు. కడప చెట్ల మీద పిల్లలు తల్లి అంత పెరిగి, కొమ్మల చివర నిలబడి రెక్కలు ఆడించి చూసుకుంటున్నాయి. ఒకటి గాలిలోకి లేచి, నాలుగు గజాలు పోయి, తడబడుతూ పక్క చెట్టు మీద వాలింది. ఈ పక్షుల గురించి చెప్పే కుర్రాడు ఎవరైనా ఉన్నారా అని గేటు దగ్గర అడిగాను. పండుగప్పుడు ఉన్న అబ్బాయి ఇప్పుడు శ్రీసిటీలో ఫ్యాక్టరీ పనికి వెళుతున్నాడట.