అమెరికన్ సాహిత్యం మీద ఎస్సే రాయడం: అపోహలు - వాస్తవాలు

ఎంఏ ఇంగ్లిష్ విద్యార్థులకు ఆధునిక అమెరికన్ సాహిత్యం పేపరు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఏటా మొదటి అసైన్‌మెంట్ రాబర్ట్ ఫ్రాస్ట్ మీదే ఇస్తాను. పేపర్ల కట్ట విప్పితే చాలావాటిలో మొదటి వాక్యం ఒకటే: "రాబర్ట్ ఫ్రాస్ట్ 1874లో శాన్ ఫ్రాన్సిస్కోలో జన్మించాడు." తర్వాత నాలుగు పులిట్జర్ బహుమతులు, ఆ తర్వాత కవిత సారాంశం, చివర్లో "ఈ విధంగా కవి మనకు గొప్ప సందేశం ఇచ్చాడు". అందులో తప్పేమీ ఉండదు. కానీ రాసిన పిల్లలు ఆ కవితతో కాసేపు కూర్చున్న జాడ కూడా ఉండదు. వాళ్లు తెలివైనవాళ్లే. ఎస్సే అంటే ఇలాగే ఉండాలని ఇంటర్ నుంచీ ఎవరో చెబుతూ వస్తే నమ్మారు. ఆ నమ్మకాల్లో కొన్నిటి గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

అపోహ: కవి జీవితం, సారాంశం, థీమ్స్ రాస్తే విశ్లేషణ అయిపోతుంది

ఫ్రాస్ట్ రాసిన 'ది రోడ్ నాట్ టేకెన్' 1915లో అచ్చయింది. స్కూలు గోడల మీద, మోటివేషన్ వీడియోల్లో దాన్ని మనం ఎన్నిసార్లు చూశామో! నలుగురూ నడవని దారిలో నడిస్తే గెలుస్తావు అన్నది దానికి అందరూ చెప్పే అర్థం. ఇప్పుడు కవిత తీసి మెల్లగా చదవండి. రెండో చరణంలో, తను ఎంచుకున్న దారిలో గడ్డి ఎక్కువగా ఉందంటాడు. ఆ చరణం పూర్తి కాకముందే, నిజానికి రెండు దారులూ దాదాపు ఒకేలా అరిగి ఉన్నాయంటాడు. మూడో చరణంలో, ఆ పొద్దున రెండిటి మీదా ఆకులు ఒకేలా పరుచుకుని ఉన్నాయని, వాటిని ఏ అడుగూ నల్లబరచలేదని చెబుతాడు.

మరి 'తక్కువమంది నడిచిన దారి' ఎక్కడి నుంచి వచ్చింది? చివరి చరణంలో నుంచి. ఏళ్లూ పూళ్లూ గడిచాక, ఎక్కడో ఒక చోట, నిట్టూరుస్తూ ఇలా చెబుతాను అంటాడు. అంతా భవిష్యత్ కాలం. జరిగింది ఒకటి, రేపు తను చెప్పుకోబోయే కథ ఇంకొకటి. సరిగ్గా ఆ కథ మొదలయ్యే చోట 'ఐ' అన్న మాట పాదం చివర ఒకసారి వస్తుంది, ఒక డాష్, మళ్లీ తర్వాతి పాదం మొదట్లో ఇంకోసారి. అక్కడ గొంతు ఆగింది. ఎందుకు ఆగింది?

మీ ఎస్సే ఆ ప్రశ్న దగ్గర మొదలవుతుంది. "ఈ కవిత జీవితంలో ఎంపికల గురించి" అనేది టాపిక్ మాత్రమే. దాన్ని ఎవరూ కాదనరు కాబట్టి నిరూపించాల్సిన పని కూడా ఉండదు. "మనిషి ఎప్పుడో చేసిన ఎంపికకి తర్వాత తీరిగ్గా కారణం ఎలా కల్పించుకుంటాడో ఈ కవిత చూపిస్తుంది, రెండో చరణం ఇచ్చిన సాక్ష్యాన్ని నాలుగో చరణం మరిచిపోవడమే అందుకు రుజువు" అంటే అది థీసిస్, అంటే ఎస్సే నిరూపించాల్సిన వాదన. క్లాసులో నేను పెట్టే పరీక్ష ఒకటే. మీ వాక్యం చదివాక పక్కవాళ్లు లేచి "లేదు, ఆ నిట్టూర్పు తృప్తితో కూడా కావచ్చు" అని వాదించగలగాలి. వాదించడానికి వీల్లేని వాక్యం మీద ఎనిమిది పేజీలు రాయలేం. రాస్తే అందులో సారాంశమే నిండుతుంది.

అపోహ: తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఇది అందదు

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. పిల్లలు చెప్పినా బాధే, తోటి లెక్చరర్లు చెప్పినా బాధే.

కొన్నేళ్ల కిందట టి.ఎస్. ఎలియట్ 1922లో ప్రచురించిన 'ది వేస్ట్ ల్యాండ్' చెబుతున్నాను. ఆ బ్యాచ్‌లో డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదువుకున్న అమ్మాయి ఒకరు ఉండేది. క్లాసులో నోరు విప్పేది కాదు. కవిత చివరి భాగంలో ఉరుము మూడుసార్లు 'ద' అంటుంది. కవి దానికి మూడు అర్థాలు వరసగా ఇస్తాడు: దత్త, దయధ్వమ్, దమ్యత. ఇవ్వండి, దయ చూపండి, నిగ్రహించుకోండి. బెల్ కొట్టాక ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చి, "మేడమ్, మా తాతయ్య చెప్పిన కథలో దమం ముందు వస్తుంది కదా" అంది.

ఆమె చెప్పింది నిజం. బృహదారణ్యకోపనిషత్తులో ప్రజాపతి ముందు దేవతలకి 'ద' అంటాడు, వాళ్లు దాన్ని దమ్యత అని అర్థం చేసుకుంటారు. తర్వాత మనుషులకి దత్త, ఆఖర్న అసురులకి దయధ్వమ్. ఎలియట్ వరస మార్చాడు. దేవతలు విన్న మొదటి మాటని చివరికి తెచ్చాడు. "వరస మారిందని కనిపెట్టావు, బాగుంది. మారినందువల్ల కవితలో ఏం జరిగిందో చూసి రా" అన్నాను.

వారం తర్వాత వచ్చింది. దమ్యత కింద ఒక పడవ ఉంది. ఆరితేరిన చేతికి అది హుషారుగా లొంగింది. సముద్రం ప్రశాంతంగా ఉంది. ఆ వెంటనే "నీ హృదయం కూడా అలాగే స్పందించి ఉండేది" అన్న పాదం వస్తుంది. ఆ అమ్మాయి 'వుడ్ హేవ్' కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీసుకుంది. పడవ విషయంలో జరిగిపోయిన కాలం, మనసు విషయంలో జరగకుండా పోయిన కాలం. నిగ్రహాన్ని చివర పెట్టడం వల్ల ఉరుము మాటల్లో మనకి ఆఖర్న మిగిలేది జరగని సంగతి అని రాసింది. చిన్న చిన్న వాక్యాలు, అక్కడక్కడా టెన్స్ తప్పులు. ఆ సెమిస్టర్‌లో నేను ఎక్కువ మార్కులు వేసిన పేపర్ అదే. భాష దిద్దుకోవచ్చు, దానికి మనుషులం ఉన్నాం. ఆ చూపు మాత్రం ఆమెకి తాతయ్య దగ్గర విన్న కథ నుంచి వచ్చింది.

ఒక్కచోట ఆపాల్సి వచ్చింది. ముగింపులో "ఎలియట్ మన వేదాంతాన్ని నమ్మాడు" అని రాసుకొచ్చింది. ఎలియట్ హార్వర్డ్‌లో సంస్కృతం చదివిన మాట నిజమే. కానీ ఉపనిషత్తు చదవడం వేరు, నమ్మడం వేరు. 1927లో ఆయన చేరింది ఆంగ్లికన్ చర్చిలో. మన సంస్కృతి ఆ కవితలో కనబడితే సంతోషం కలగడం సహజం. ఎస్సేలో మాత్రం సాక్ష్యం ఎంత దూరం వస్తే అంత దూరమే వెళ్లాలి.

అపోహ: ఆకుపచ్చ అంటే ఆశ, తెలుపు అంటే స్వచ్ఛత

గైడ్లలో సింబల్స్‌కి ఒక పట్టిక ఉంటుంది. ఎక్కాల్లా బట్టీ పడతారు. ఫిట్జెరాల్డ్ 'ది గ్రేట్ గాట్స్‌బీ' 1925లో వచ్చింది. అందులో ఆకుపచ్చ దీపాన్ని ఒక్కసారి చూసి వదిలేయకండి. మొదటి అధ్యాయం చివర్లో గాట్స్‌బీ చీకట్లో దానివైపు చేతులు చాపుతాడు. ఐదో అధ్యాయంలో అతను కోరుకున్న డైజీ వచ్చి అతని పక్కనే నిలబడుతుంది, అప్పుడు ఆ దీపం రేవులో వెలిగే మామూలు దీపం అయిపోతుంది. అతనికున్న మాయావస్తువుల లెక్కలో ఒకటి తగ్గిందని కథకుడు నిక్ అంటాడు. చివరి పేజీలో అదే దీపం ఒక్క మనిషిది కాకుండా 'మనం' అనే అందరిదీ అవుతుంది. మూడు చోట్ల మూడు పనులు చేసిన దీపానికి 'ఆశ' అని ఒక్క మాట రాసి వదిలేస్తే అన్యాయం. కోరుకున్నది చేతికందిన రోజే దీపం ఎందుకు చిన్నబోయిందని అడగండి. నవల లోపలికి అదే దారి.

అపోహ: ఎంతమంది విమర్శకుల్ని కోట్ చేస్తే అంత రీసెర్చ్

నా ఎంఫిల్ మొదటి చాప్టర్‌లో పేజీకి నాలుగైదు కొటేషన్లు ఉండేవి. మా రీసెర్చ్ గైడ్ వాటన్నిటి చుట్టూ పెన్సిల్‌తో గళ్లు గీసి, మిగిలినదాన్ని పైకి చదివి వినిపించారు. "అదే విధంగా", "మరొక విమర్శకుడి ప్రకారం", "పై అభిప్రాయాన్ని బట్టి". నేను రాసినవి అవే. "ఇందులో నువ్వెక్కడమ్మా?" అన్నారు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి పద్ధతి మార్చుకున్నాను. మూలం రెండుసార్లు చదివి, నా ప్రశ్న కాగితం మీద పెట్టుకున్నాకే విమర్శ ముట్టుకుంటాను. చదివిన ప్రతి వ్యాసం కింద మూడు లైన్లు రాసుకుంటాను: ఈయన ఏమంటున్నారు, నేను ఎక్కడిదాకా ఒప్పుకుంటాను, ఆయన చూడకుండా వదిలేసింది ఏమిటి. ఆ మూడో లైనే నా ఎస్సేకి చోటు ఇస్తుంది.

1964లో ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ మొదలైంది. మా గురువుల తరంలో దేశం నలుమూలల నుంచీ స్కాలర్లు ఆ లైబ్రరీకి వచ్చి వారాల తరబడి కూర్చునేవాళ్లు. చేత్తో ఎత్తి రాసుకోవాలి కాబట్టి, ఏది అవసరమో ఆలోచించుకునే రాసుకునేవాళ్లు. ఇవాళ జేస్టోర్ అనే ఆన్‌లైన్ జర్నల్ లైబ్రరీలో ఉచితంగా ఖాతా తెరుచుకుంటే నెలకు కొన్ని వ్యాసాలు ఫోన్‌లోనే చదవచ్చు. ఇంత సదుపాయం ఉన్నా, మెటీరియల్ దొరకలేదని గైడ్ కొనుక్కునేవాళ్లని చూస్తే మనసు కష్టంగా ఉంటుంది.

అపోహ: 10 శాతం వరకు కాపీ చెయ్యొచ్చు

2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. దాన్ని అనుమతిగా చదువుకుంటున్నారు. సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది మాటల పోలికనే. ఒకరి ఆలోచనని మాటలు మార్చి, పేరు చెప్పకుండా రాస్తే రిపోర్టులో సున్నా వస్తుంది. అయినా అది దొంగతనమే.

అపోహ: ఏ పీడీఎఫ్ అయినా ఒకటే

రిచర్డ్ రైట్ నవల 'నేటివ్ సన్' మీద రాసేవాళ్లు ముందు మీ చేతిలో ఉన్నది ఏ ఎడిషనో చూసుకోండి. 1940లో అచ్చయ్యే ముందు, సభ్యులకి నెలనెలా పుస్తకాలు పంపే బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్ కోసం సినిమా హాలు సన్నివేశం మార్చారు. రైట్ మొదట రాసిన పాఠాన్ని లైబ్రరీ ఆఫ్ అమెరికా అనే ప్రచురణ సంస్థ 1991లో తిరిగి తెచ్చింది. అందులో కథానాయకుడు బిగ్గర్ తను పనికి చేరబోయే ఇంటి అమ్మాయిని ముందే న్యూస్‌రీల్‌లో, తెర మీద చూస్తాడు. 1940 పాఠంలో అది లేదు. ఆ తెర బొమ్మ మీద మీరు కట్టిన వాదన ఒక ఎడిషన్‌లో నిలబడుతుంది, ఇంకోదాంట్లో కూలిపోతుంది.

అపోహ: నల్లజాతి రచనలు బాధల చరిత్ర, వాటిని మన దళిత సాహిత్యంతో పోలిస్తే పేపర్ అయిపోయినట్టే

అలెక్స్ హేలీ 'రూట్స్'ని సహవాసి 'ఏడు తరాలు'గా అనువదించాక తెలుగు ఇళ్లలో ఆ కథ మన కథలాగే చదివారు. ఆ దగ్గరితనం నిజమైనది, నాకూ ఉంది. కానీ దానివల్ల ఆ రచయితల శిల్పాన్ని చూడకుండా, వాళ్లు చెప్పిన కష్టాన్ని మాత్రమే ఏరుకునే అలవాటు పడింది.

టోనీ మారిసన్ 'బిలవెడ్' 1987లో వచ్చింది. దానికి మూలమైన సంఘటన 1856 నాటిది. మార్గరెట్ గార్నర్ అనే బానిస తల్లి కెంటకీ నుంచి ఒహాయోకి పారిపోయి, పట్టుబడ్డప్పుడు తన బిడ్డని మళ్లీ బానిసత్వంలోకి పోనివ్వకుండా చంపుకుంది. దీన్ని అందరూ రాస్తారు. నవల మొదటి మాట 124 అని, అది ఇంటి నంబర్ అని, అందులో 3 లేదని ఎంతమంది గమనిస్తారు? చనిపోయింది మూడో బిడ్డ. లేని అంకెని ఇంటి గుమ్మం మీద పెట్టిన రచయిత్రిని చరిత్ర రాసిన మనిషిగా మాత్రమే చదవకూడదు.

పోలికల దగ్గరికి వస్తే, లాంగ్‌స్టన్ హ్యూస్ 1951 కవిత 'హార్లెమ్'ని జాషువా 'గబ్బిలం'తో పోలుస్తూ ఏటా ఒకటి రెండు పేపర్లు వస్తాయి. "ఇద్దరూ వివక్షని ఖండించారు" అని ముగుస్తాయి. నేను తిప్పి పంపేస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. హ్యూస్ కవితలో ఒక్క వాక్యం తప్ప మిగతావన్నీ ప్రశ్నలే. వాయిదా పడ్డ కల ఏమవుతుందని అడుగుతాడు, ఎవరిని అడుగుతున్నాడో చెప్పడు. జాషువా మేఘసందేశం బాట పట్టి, పద్యాల్లో, గబ్బిలాన్ని దూతగా పంపి శివుడికి మొర చెప్పుకుంటాడు. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది కాబట్టి. ఒకరి మొర వినడానికి ఎవరున్నారో తెలియదు. ఇంకొకరికి వినాల్సినవాడు తెలుసు, ఆయన దగ్గరికి దారి లేదు. ఇక్కడ రాయడానికి బోలెడంత ఉంది. కులం, జాతి ఒకటే అనేస్తే ఆ తేడా కాస్తా చేజారిపోతుంది.

అపోహ: చిన్న కవిత మీద పెద్ద ఎస్సే రాయలేం

విలియం కార్లోస్ విలియమ్స్ న్యూజెర్సీలోని రూథర్‌ఫర్డ్‌లో పిల్లల డాక్టర్. 1923లో ఆయన రాసిన ఎర్ర తోపుడుబండి కవితలో మొత్తం 16 మాటలే ఉన్నాయి. నాలుగు జతల పాదాలు, పైన మూడు మాటలు, కింద ఒకటి. ఆ బండి థాడియస్ మార్షల్ అనే నల్లజాతి పొరుగాయనదని 2015లో వెలుగులోకి వచ్చింది. ఈ సమాచారంతోనే ఎస్సే మొదలుపెట్టబోయిన ఒక అబ్బాయిని ముందు కవిత బోర్డు మీద రాయమన్నాను. రాశాడు. 'వీల్' పైన, 'బారో' కింద. 'రెయిన్' పైన, 'వాటర్' కింద. ఒక్క మాటగా ఉండాల్సినవి రెండుగా విరిగి కనబడుతున్నాయి. అతను సుద్దముక్క పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఇటు తిరిగి, "మేడమ్, మధ్యలో రెండు చోట్ల జంటమాటని విరిచాడు. మొదటి జతలో, చివరి జతలో అలా విరవలేదు. ఎందుకు?" అన్నాడు.

కూర్చుని ఆ ప్రశ్న మొదటి లైన్‌గా రాసుకోమన్నాను.