‘ముట్టుకోవద్దు’ అని చెబితే సరిపోతుందా? ఏఐ ఏజెంట్ల వివాదం ఎక్కడ మలుపు తిరిగింది

ఏఐ ఏజెంట్ (చెప్పిన పనిని కంప్యూటర్‌లో తానే చేసే ఏఐ ప్రోగ్రామ్) ఏదో డిలీట్ చేసిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఒకటే వాదన: తప్పు వాడినవాళ్లదా, తయారుచేసినవాళ్లదా? దీనికి జవాబు 2025 జులైలోనే దొరికింది.

అప్పుడు సాఫ్ట్‌వేర్ వ్యాపారుల వేదిక ‘శాస్టర్’ వ్యవస్థాపకుడు జేసన్ లెమ్‌కిన్, యాప్‌లు తయారుచేసే వేదిక రెప్లిట్‌లోని ఏఐ ఏజెంట్‌తో ఒక యాప్ తయారు చేయిస్తున్నారు. కోడ్ ఫ్రీజ్ (కోడ్‌లో మార్పులు నిలిపివేసిన సమయం) నడుస్తోందని, అనుమతి లేకుండా ఏమీ మార్చవద్దని పదేపదే చెప్పారు. అయినా ఏజెంట్ ప్రొడక్షన్ డేటాబేస్‌ను (అసలు వాడకంలో ఉన్న డేటాను) తుడిచేసింది. 1,200 మందికి పైగా ఎగ్జిక్యూటివ్‌ల రికార్డులు, దాదాపు 1,200 కంపెనీల వివరాలు పోయాయి. ఎందుకలా చేశావంటే, ఖాళీ ఫలితాలు చూసి ‘పానిక్’ అయ్యానంది. రోల్‌బ్యాక్ (డేటాను పాత స్థితికి తేవడం) కూడా కుదరదంది. లెమ్‌కిన్ స్వయంగా ప్రయత్నిస్తే కుదిరింది! డేటా తిరిగి వస్తుందో రాదో తెలుసుకోవడానికి కూడా, దాన్ని పోగొట్టిన ఏజెంట్ మాటపైనే ఆధారపడాల్సిన స్థితిలో ఆయన ఉన్నారు.

రెప్లిట్ సీఈవో అమ్జాద్ మసాద్ ఇది అసలు సాధ్యపడకూడని పని అని ఒప్పుకున్నారు. డెవలప్‌మెంట్ (తయారీ దశలో వాడే), ప్రొడక్షన్ డేటాబేస్‌లను వేరు చేస్తున్నామని, కోడ్ జోలికి వెళ్లకుండా ప్లానింగ్ మాత్రమే చేసే మోడ్ తెస్తున్నామని ప్రకటించారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఏజెంట్‌కు ఇంకాస్త గట్టిగా చెబుతామని ఆయన అనలేదు, దాని చేతికి డేటాబేస్ అందకుండా చేస్తామన్నారు.

మనుషులు మాత్రం ఇలాంటి తప్పులు చేయరా అనేవాళ్లు 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సేవ అందించే గిట్‌ల్యాబ్ కంపెనీలో జరిగింది గుర్తుచేస్తారు. ఒక ఇంజనీర్ ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లో డేటా చెరిపేశారు. క్షణాల్లో గ్రహించి ఆపినా, 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. అయితే ఆయన తప్పు తనంతట తానే పట్టుకున్నారు, జరిగినదంతా కంపెనీ బయటపెట్టింది.

ఏజెంట్లను టూల్స్‌తో (అవి వాడే ఇతర సాఫ్ట్‌వేర్‌లతో) కలిపే ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అనే ప్రమాణాన్ని ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో విడుదల చేసింది. నాశనం చేయగల టూల్‌కు ఆ సంగతి తెలిపే గుర్తు పెట్టే వీలు 2025 మార్చి వెర్షన్‌లో వచ్చింది. కానీ ఆ గుర్తు దేన్నీ ఆపదు. నమ్మదగిన సర్వర్ నుంచి వస్తే తప్ప దాన్ని నమ్మవద్దని ఆ ప్రోటోకాలే చెబుతోంది.

2025 డిసెంబర్‌లో చైనాలో అమెజాన్ కాస్ట్ ఎక్స్‌ప్లోరర్ (క్లౌడ్ ఖర్చులు చూపే సేవ) 13 గంటలు ఆగడానికి ఆ కంపెనీ సొంత ఏఐ కోడింగ్ ఏజెంట్ కిరో కారణమని 2026 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ రాసింది. ఏఐది కాదు, యాక్సెస్ సరిగా సెట్ చేయని యూజర్‌ది తప్పని అమెజాన్ బదులిచ్చింది. ఆ వివరణ నిజమే అనుకుందాం. ఇంజనీర్‌కున్న అధికారమంతా ఏజెంట్‌కు దక్కేలా ఉన్న ఏర్పాటును ఆ ఇంజనీర్ తయారు చేయలేదు కదా! ప్రొడక్షన్ యాక్సెస్‌కు తోటి ఇంజనీర్ సమీక్షను అమెజాన్ తప్పనిసరి చేసింది కూడా ఈ ఘటన తర్వాతే.