బలానికి వర్గాల లెక్క

చిన్న సైన్యం పెద్ద సైన్యాన్ని ఓడించినప్పుడల్లా ఆ గెలుపును సేనాపతి సాహసానికో, అదృష్టానికో, గ్రహబలానికో ఆపాదించడం చాలాకాలంగా వస్తున్న అలవాటు. అయితే బలగాలను చెదరనీయకుండా ఒకచోట కూడగట్టి కొట్టాలనే పాత సైనిక సూత్రం వెనక ఎంత చక్కని గణితం దాగి ఉందో 1914లో బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ చూపించాడు.

కత్తియుద్ధంలో ఒకడికి ఒకడే ఎదురుపడతాడు కాబట్టి వెనక వరుసల్లో ఎందరున్నా ఆ క్షణానికి వారు ప్రేక్షకులే. ఫిరంగుల యుద్ధంలో అలా కాదు. పలువురు కలిసి ఒకే లక్ష్యాన్ని కొట్టగలరు. పది నౌకలు అయిదింటితో తలపడ్డాయనుకుందాం. పది నౌకల పక్షం వేసే దెబ్బలు రెండింతలు. అవి పడేది సగం నౌకల మీదే. కనుక ఎదుటి పక్షంలో ఒక్కో నౌక తినే దెబ్బలు నాలుగింతలు. సంఖ్య ఇలా రెండుసార్లు పనిచేస్తుంది కాబట్టి బలాన్ని సంఖ్యతో కాక దాని వర్గంతో కొలవాలి. పది వర్గం 100లోంచి అయిదు వర్గం 25 తీసివేస్తే 75, దాని వర్గమూలం సుమారు 8.7. అంటే అయిదు నౌకలూ నాశనమయ్యేసరికి పదింటిలో దాదాపు తొమ్మిది మిగులుతాయి. ఆ తరువాత మరో అయిదు వచ్చిపడినా, వాటిని ముగించాక ఇంకా ఏడు నిలుస్తాయి. ఎదుటి పక్షపు ఆ పదీ ఒకేసారి వచ్చి ఉంటే రెండు పక్షాలూ సమంగా నశించేవి! వర్గమూలాలు నేర్పేటప్పుడు ఈ ఉదాహరణ ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

లాంచెస్టర్ తన సూత్రాన్ని బ్రిటిష్ నౌకాసేనాపతి నెల్సన్ వ్యూహంపై ప్రయోగించి చూశాడు. స్పెయిన్ తీరం దగ్గర జరిగిన ట్రఫాల్గర్ నౌకాయుద్ధానికి ముందు, 1805 అక్టోబరు 9న రాసిన ఆదేశపత్రంలో నెల్సన్ తనవి 40 నౌకలు, శత్రువువి 46 అని అంచనా వేసుకున్నాడు. నేరుగా తలపడితే 1600కు ఎదురుగా 2116, అంటే ఓటమి. శత్రుపంక్తిని మధ్యలో తెంచి, వెనక సగంలోని 23 నౌకల మీదికి 32 నౌకలను పంపి, ముందున్న 23ను ఎనిమిదింటితో నిలువరిస్తే, 32, 8ల వర్గాల మొత్తం 1088. రెండు 23ల వర్గాల మొత్తం 1058. నౌకలు పెరగలేదు, తూకం మాత్రం తిరగబడింది.

అక్టోబరు 21న నిజంగా తలపడినవి 27 బ్రిటిష్ నౌకలు, 33 ఫ్రెంచి, స్పానిష్ నౌకలు. గాలి మందంగా వీచడంతో ఫ్రెంచి అడ్మిరల్ ద్యుమనువార్ నడిపిన ముందుభాగపు నౌకలు వెనుదిరిగి వచ్చేసరికి ఫలితం దాదాపు తేలిపోయింది. ఫ్రెంచి, స్పానిష్ పక్షం 18 నౌకలను కోల్పోయింది. బ్రిటిష్ పక్షం ఒక్కటీ కోల్పోలేదు. ఇంత తేడాకు వర్గాల లెక్క ఒక్కటే కారణం కాదు. బ్రిటిష్ నావికులు ఫిరంగులను వేగంగా నింపి కాల్చడంలో ఆరితేరినవారు, లాంచెస్టర్ లెక్కేమో ఇరువైపులా నైపుణ్యం సమానమని అనుకుంటుంది.

పొగ కమ్మాక జెండా సంకేతాలు కనబడవని నెల్సన్‌కు తెలుసు. అందుకే సంకేతాలు కనబడకపోయినా, అర్థం కాకపోయినా, తన నౌకను శత్రునౌక పక్కన నిలిపిన కెప్టెన్ పెద్దగా తప్పు చేసినట్టు కాదని అదే పత్రంలో రాశాడు. మధ్యాహ్నం 1:15 ప్రాంతంలో తుపాకీగుండు తగిలి అతణ్ణి కిందికి మోసుకుపోయారు. అతను చనిపోయింది సుమారు 4:30కు. ఆ మూడు గంటలకు పైగా కెప్టెన్లు అతని వ్యూహాన్నే కొనసాగించారు.